కరెంటా, పెట్రోలా?

2025లో ఈ20 పెట్రోలు గొడవ మొదలైనప్పటినుంచీ మా ఆఫీసు క్యాంటీన్లో అదే చర్చ. మైలేజీ పడిపోయిందని ఒకరు, అదంతా వాట్సాప్ పుకారని ఇంకొకరు. ఇద్దరిలో ఏ ఒక్కరూ బానెట్ ఎత్తి చూసిన పాపాన పోలేదు :-) నాకు మాత్రం ఈ గొడవ కొత్తగా అనిపించలేదు. మాది సూర్యాపేట. ఇంట్లో మా నాన్న 1996 మోడల్ మారుతి 800 ఇంకా తిరుగుతోంది. బంకులో పోసే పెట్రోలు మారడం, బండి మొరాయించడం, తప్పు బండిదా పెట్రోలుదా అని ఇంటిముందు కూచుని తేల్చుకోవడం... ఇవన్నీ మా రోడ్డు మీద కనీసం రెండు తరాలుగా నడుస్తున్న కథ. అది కాస్త రాసుకుందామని.

ముందు ఊరి సంగతి. సూర్యాపేటకి రైలు లేదు. మిర్యాలగూడకి ఉంది, మాకు లేదు. మాకున్నది రోడ్డొక్కటే. అటు హైదరాబాదు, ఇటు బెజవాడ, మధ్యలో మేము. ఒకప్పుడు తొమ్మిదో నంబరు జాతీయ రహదారి, ఇప్పుడు అరవై అయిదు. 1967లో సాగర్ కాలువలకి నీళ్ళొదిలాక ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ వైపు వరి పెరిగింది. వరి వెనకాల రైసు మిల్లులు, మిల్లుల వెనకాల లారీలు వచ్చాయి. లారీలుంటే డీజిల్ మెకానిక్కులకి కొదవేముంది? నాజిల్ సర్వీసు, పంపు సర్వీసు బోర్డులు ఎక్కడ చూసినా కనపడేవి. పెట్రోలు కారు మాత్రం ఏ డాక్టరుగారికో, మిల్లు ఓనరుకో, కాంట్రాక్టరుకో ఉండేది. అందుకే పెట్రోలు బండి ఉన్నవాడు, దాన్ని నడిపే డ్రైవరు, సగం మెకానిక్ అవక తప్పలేదని నా అంచనా. ఇష్టంతో నేర్చుకున్న విద్య కాదది. మునగాల దగ్గర రాత్రి పది గంటలకి ఆగిపోతే ఇంకేం చేస్తారు మరి?

మా పెద్దనాన్న చాలా ఏళ్ళు ఒక డాక్టరుగారి అంబాసిడర్ నడిపాడు. ఆయన చెప్పే సూత్రం ఒక్కటే. "ఫస్టు కరెంటు చూడు, ఎన్క పెట్రోలు చూడు. రెండూ ఉన్నంక బండి ఎట్ల స్టార్ట్ గాదో నేను చూస్త." ప్లగ్గు తీసి, వైరుకి తగిలించి, ఇంజనుకి ఆనించి, సెల్ఫ్ కొట్టమంటే నీలంగా నిప్పురవ్వ రావాలి. వస్తే కరెంటు ఉన్నట్టే. అప్పుడే పెట్రోలు జోలికెళ్ళాలి. మనం ఆఫీసులో తప్పు డేటాబేసుదా, నెట్‌వర్కుదా అని సగానికి సగం కోసుకుంటూ వెతుకుతాం చూడండి, అచ్చం అదే. ఆయన చదివింది ఏడో తరగతి.

అంబాసిడర్‌లో ఈ వెతుకులాట సులువు. 1957లో ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాతో ఉత్తరపారాలో మొదలైన బండి అది, 2014 మే దాకా తయారైంది. పెట్రోలు దారి మొత్తం కంటికి కనపడేది. వెనక ట్యాంకు, కింద సన్న పైపు, ఇంజను పక్కన పంపు, పైన కార్బ్యురేటరు, అంతే. ఆ పంపుని మా వైపు ఏసీ పంపు అంటారు. చల్లగాలి ఏసీకీ దీనికీ ఏ సంబంధమూ లేదు. అవి ఆల్బర్ట్ చాంపియన్ అనే ప్లగ్గుల కంపెనీ ఆసామి పేరులోని పొడి అక్షరాలు. ఇంజను తిరుగుతుంటే క్యామ్ షాఫ్టు ఒక లివరుని నొక్కుతుంది, లివరు లోపల రబ్బరు డయాఫ్రం లేచి పడుతుంది, ఆ పీల్పుకి పెట్రోలు వస్తుంది. పంపు నుంచి కార్బ్యురేటరుకి వెళ్ళే పైపు ఊడదీసి సీసాలో పెట్టి సెల్ఫ్ కొడితే చిమ్ముతూ రావాలి. చిమ్మితే తప్పు కార్బ్యురేటరులో ఉన్నట్టు, చిమ్మకపోతే పంపులోనో దానికి వెనకో ఉన్నట్టు. ఇంకోటుంది. డయాఫ్రం చిరిగితే పెట్రోలు కిందకి కారి ఇంజనాయిల్లో కలుస్తుంది. డిప్‌స్టిక్ తీసి వాసన చూస్తే తెలిసిపోతుంది. ఆయిలు పోయకుండానే లెవెలు పెరిగిందని సంబరపడకూడదన్నమాట.

ఎండాకాలం కథ వేరు. పెట్రోలు అనేది ఒకే ద్రవం కాదు, బోలెడన్నిటి కలగలుపు. అందులో తేలికవి నలభై డిగ్రీల లోపే ఆవిరవడం మొదలెడతాయి. మా దగ్గర మే నెలలో బయటే నలభై అయిదు, బానెట్ కింద ఇంకెంతో ఊహించుకోండి. పైగా పంపు పీలుస్తుంది కాబట్టి పైపులో ఒత్తిడి తగ్గి మరుగు స్థానం ఇంకా కిందికి దిగుతుంది. పైపులో ఆవిరి నిండితే డయాఫ్రం ఎంత కొట్టుకున్నా ఆ ఆవిరినే నొక్కుతూ ఉంటుంది, పెట్రోలు కదలదు. ఇదే వేపర్ లాక్. మందు తడిగుడ్డ. పంపు మీద తడిగుడ్డ చుట్టి, చెట్టు కింద ఓ పావుగంట కూచుంటే మళ్ళీ బయల్దేరేది. డాక్టరుగారి అంబాసిడర్లో స్టెప్నీతో పాటు ఒక బిందెడు నీళ్ళూ, ఒక పాత తువ్వాలూ ఎప్పుడూ ఉండేవట. 1980ల్లో డీజిల్ అంబాసిడర్లు టాక్సీలుగా పెరిగాక కొందరు దానికీ తడిగుడ్డ చుట్టేవారని పెద్దనాన్న నవ్వుతాడు. డీజిల్ బండి అలా ఆగితే లైన్లోకి గాలి దూరినట్టు. బోల్టు వదులు చేసి, చేత్తో పంపు కొట్టి, బుడగలు ఆగేదాకా గాలి తీయాలి తప్ప గుడ్డ ఏం చేస్తుంది పాపం.

జెట్టులో నలక పడటం, ట్యాంకు మూత రంధ్రం పూడుకుపోవడం, ఈ రెండూ రోజువారీ రోగాలు. మూతది భలే తమాషా. గాలి లోపలికి పోకపోతే ట్యాంకులో శూన్యం ఏర్పడి కొన్ని కిలోమీటర్లకి బండి ఆగిపోతుంది. మూత తిప్పగానే ఉస్సుమని గాలి పీలుస్తుంది, బండి మళ్ళీ మామూలే. తెలియనివాడు కార్బ్యురేటరు మొత్తం విప్పుకుని కూచుంటాడు. జెట్టుని గుండుసూదితో పొడవకూడదు, ఊదాలి. ఇత్తడి రంధ్రం వెంట్రుకవాసి పెరిగినా బండి జీవితాంతం పెట్రోలు ఎక్కువ తాగుతుంది. ఇంకో చెడ్డ అలవాటు, పైపు నోట్లో పెట్టుకుని పెట్రోలు లాగడం. అది ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికొస్తుంది. సరదాకి కూడా చేయకండి.

1983 డిసెంబరులో మారుతి 800 వచ్చింది. బండి చిన్నది, మన్నిక ఎక్కువ, 796 సీసీ ఇంజను. మధ్యతరగతి ఇంటి ముందుకి కారొచ్చింది దీంతోనే. అయితే ఒకటి గమనించండి. పైన తళతళలాడినా 2000 దాకా లోపల అదే పద్ధతి. క్యామ్ షాఫ్టుతో నడిచే పంపు, కార్బ్యురేటరు, చేత్తో లాగే చోకు. కాబట్టి అంబాసిడర్ విద్య దీనికీ పనికొచ్చింది.

ఈ కాలంలోనే అసలు తలనొప్పి మొదలైంది. అప్పటిదాకా తప్పు బండిలో వెతికేవాళ్ళు, ఇక బంకులో వెతకాల్సొచ్చింది. రేషను కిరసనాయిలు చవక, పెట్రోలు ప్రియం. ఆ తేడా ఉన్నంతకాలం కలిపేవాడు కలుపుతూనే ఉంటాడు. రేషనుదాన్ని గుర్తుపట్టడానికి నీలం రంగు వేశారు, 2006లో మార్కర్ రసాయనం కలపడం మొదలుపెట్టి కొన్నాళ్ళకే ఆపేశారు. మంజునాథ్ షణ్ముగం గుర్తున్నాడా? ఐఐఎం లక్నోలో చదివి ఇండియన్ ఆయిల్‌లో చేరిన కుర్రాడు. ఉత్తరప్రదేశ్ లఖింపూర్ ఖేరీలో కల్తీ బంకుల జోలికెళ్ళినందుకు 2005 నవంబరులో కాల్చి చంపారు. 27 ఏళ్ళు. ఇప్పుడు నా వయసు కూడా ఇంచుమించు అంతే కాబట్టి ఆ అంకె దగ్గర ఆగకుండా ముందుకి పోలేకపోతున్నా.

కల్తీని ఇంట్లో పట్టుకునే పద్ధతులు నాన్నకి బాగా తెలుసు. ఫిల్టరు కాగితం మీద ఒక చుక్క వేస్తే రెండు నిమిషాల్లో మరక లేకుండా ఎగిరిపోవాలి. మరక మిగిలితే అనుమానించాలి. బంకులో ఫిల్టరు కాగితం అడిగే హక్కు, సాంద్రత కొలిచి చూపించమనే హక్కు, అయిదు లీటర్ల కొలపాత్రతో కొలిపించుకునే హక్కు మనకుంది. అడిగేవాళ్ళే లేరు. ప్లగ్గు కూడా సాక్ష్యం చెబుతుంది. ఇటుక రంగులో ఉంటే మంచిది, నల్లటి మసి ఉంటే పెట్రోలు ఎక్కువ, తెల్లబడితే గాలి ఎక్కువ. ఇంజను లాగు ఫైలు అనుకోండి :-)

2000 తర్వాత ఇంజెక్షన్ బండ్లొచ్చాయి, 800కి కూడా. ఇది నిజంగా పెద్ద మలుపు. పంపు ఇంజను పక్కనుంచి ట్యాంకులోకి వెళ్ళింది. పీల్చడం మాని నెట్టడం మొదలెట్టింది. ఒత్తిడిలో ఉన్న పెట్రోలు అంత సులువుగా మరగదు, దాంతో తడిగుడ్డ రిటైరైంది. ఇంకా ముఖ్యమైనది, పొగలో ఆక్సిజన్ కొలిచే సెన్సారు. కార్బ్యురేటరు ఓపెన్ లూప్. జెట్టు సైజు ఫ్యాక్టరీలో ఏది పెడితే అదే, బయట ఏం మారినా దానికి పట్టదు. ఇంజెక్షన్ బండి క్లోజ్డ్ లూప్. పొగని చూసుకుని పెట్రోలు పెంచుతుంది, తగ్గిస్తుంది. ఇంట్లో చేసే పరీక్ష కూడా మారింది. తాళం తిప్పగానే వెనక సీటు కింద రెండు మూడు సెకన్లు పంపు గుయ్యిమనాలి. అనకపోతే ఫ్యూజు, రిలే, ఆ తర్వాతే పంపు. 2013 ఏప్రిల్ నుంచి కొత్త బండ్లకి ఓబీడీ 2 తప్పనిసరి అయ్యాక చిన్న బ్లూటూత్ డబ్బా తగిలిస్తే ఫోన్లోనే కోడు కనిపిస్తుంది. మంచిదే. కానీ కోడు రోగలక్షణం చెబుతుంది, రోగం చెప్పదు. 'మిశ్రమం పలచన' అని కోడొస్తే అది చిరిగిన రబ్బరు పైపు కావచ్చు, పూడిన ఫిల్టరు కావచ్చు. నేరుగా ఇంజెక్టర్లు మార్చేసి బిల్లు చేతిలో పెట్టేవాళ్ళని చూశా.

ఇక ఇథనాల్. పెట్రోలు మన కాళ్ళ కింద మారడం ఇది మొదటిసారి కాదు. 2000 ఫిబ్రవరికల్లా దేశమంతా సీసం తీసేశారు, పాత ఇంజన్ల వాల్వు సీట్లు ఏమవుతాయోనని అప్పుడూ భయపడ్డారు. 2003లో అయిదు శాతం ఇథనాల్ మొదలెట్టిన రాష్ట్రాల్లో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఉంది. 2022 జూన్‌కి పది శాతం, 2025కి ఇరవై. నూకల్లాంటి ధాన్యం నుంచీ దాన్ని తీయొచ్చని 2018 జీవ ఇంధన విధానం ఒప్పుకుంది. మిల్లుల మధ్య పెరిగిన మాలాంటివాళ్ళకి ఇది విచిత్రంగా ఉంటుంది, నూకలంటే మాకు కోళ్ళ మేత.

లెక్క చూద్దాం. కిలో పెట్రోలు పూర్తిగా మండాలంటే 14.7 కిలోల గాలి కావాలి, కిలో ఇథనాల్‌కి 9 చాలు. ఈ20కి అది సుమారు 13.5. అంటే అదే జెట్టు ఉన్న కార్బ్యురేటరు బండి ఎనిమిది శాతం దాకా పలచన మిశ్రమంతో నడుస్తుంది. క్లోజ్డ్ లూప్ బండి సర్దుకుంటుంది, మా 800 సర్దుకోలేదు. పది శాతానికి సర్దిన కార్లలో మైలేజీ ఆరేడు శాతం తగ్గొచ్చని 2021 నాటి నీతి ఆయోగ్ నివేదికే ఒప్పుకుంది. పైగా ఇథనాల్ నీటిని పీలుస్తుంది, పాత ట్యాంకు అడుగున పేరుకున్న మురికిని కదిలిస్తుంది, దానికోసం చేయని రబ్బరుని ఉబ్బిస్తుంది.

ఆ మధ్య మిర్యాలగూడ నుంచి కోదాడ వైపు వస్తుంటే నేరేడుచర్ల దాటాక 800 ఈడ్వడం మొదలెట్టింది. నిదానంగా పోతే బాగానే ఉంది, అరవై దాటితే దమ్ము లేదు. ఇంటికొచ్చాక నాన్నా నేనూ కూచున్నాం. నిప్పురవ్వ బాగుంది. మూత తీసి నడిపినా అంతే. అప్పుడు నాన్న ఒక చిన్న సీసాని సెలైన్ బాటిల్లా బానెట్‌కి వేలాడదీసి నేరుగా కార్బ్యురేటరుకి పైపిచ్చాడు. ఆరుబయట, పక్కన ఇసుక బకెట్టు పెట్టుకుని. రేజ్ చేస్తే ఇంజను హాయిగా తిరిగింది. మనం మాక్ సర్వీసు పెట్టి పరీక్షిస్తాం చూడండి, అదే. అంటే కార్బ్యురేటరు నిర్దోషి. ఫిల్టరు కోసి చూస్తే ఎర్రటి తుప్పు పొడి. ఫిల్టరు మార్చినా పంపు చిమ్మడం బలహీనంగానే ఉంది. పాత పంపు కోస్తే డయాఫ్రం నానిన అప్పడంలా మెత్తబడింది.

ఇథనాల్ పనేనా? ఖచ్చితంగా చెప్పలేను. అన్నేళ్ళ రబ్బరు మామూలు పెట్రోలుకైనా అలాగే పోవచ్చు. సరిగ్గా ఇదే నా ఫిర్యాదు. రుజువు చేయలేని నష్టం ఎప్పుడూ బండి ఓనరు ఖాతాలోనే పడుతుంది. పదిహేనేళ్ళు దాటిన కారు రిజిస్ట్రేషన్ రెన్యువల్ 2022లో 600 నుంచి 5,000 రూపాయలైంది, 2025లో ఇరవై ఏళ్ళు దాటినవాటికి 10,000 చేశారు. అంత కట్టించుకున్నాక, ఆ బండికి సరిపడే పెట్రోలు కూడా ప్రతి ఊరి బంకులో ఒక్క గొట్టంలోనైనా పోయించాలి కదా? ఇథనాల్ వద్దనట్లేదు. ఎంచుకోనివ్వమంటున్నా.

పంపు కోదాడలో ఒక పాత స్పేర్ పార్ట్స్ షాపులో దొరికింది. షాపాయన రెండున్నాయంటే నాన్న రెండూ కొనేశాడు. ఒకటి బిగించాం, ఇంకోటి డిక్కీలో ఉంది. పైపులు మాత్రం ఇథనాల్‌కి తట్టుకునే రకం వేశాం. ట్యాంకు దించి కడగడం ఇంకా మిగిలుంది, దసరా సెలవులకి పెట్టుకున్నాం.