మైలు కూలి: అమెరికా లారీ డ్రైవర్ల శిక్షణ, వేతనాల చరిత్ర

మన ప్రాంతంలో లారీ వాళ్లు ‘మైలేజీ’ అంటే లీటరు డీజిలుకు బండి ఎన్ని కిలోమీటర్లు నడిచిందన్న లెక్క. ఈ పాఠంలో ఆ మాటకు మరో అర్థం ఉంది. అమెరికాలో దూరప్రాంతాలకు సరుకు తోలే డ్రైవర్లలో చాలామందికి నెల జీతం గానీ గంటల కూలి గానీ ఉండదు. నడిపిన మైలుకు ఇన్ని సెంట్లని లెక్కగట్టి ఇస్తారు. పైకి ఇది లెక్కల వ్యవహారంలా కనిపిస్తుంది. కానీ బండి ఆగి ఉన్న గంటలు ఎవరి ఖాతాలో పడతాయన్నది అసలు ప్రశ్న. దాన్ని మనసులో పెట్టుకొని మిగతా పాఠం చదవండి.

దూరాన్నిబట్టి కూలి కట్టడం లారీలతో మొదలు కాలేదు. అమెరికా రైల్వేల్లో గూడ్సు బండి సిబ్బందికి 100 మైళ్లు నడిపితే ఒక రోజు పని కింద లెక్క. 1916 నాటి ఆడమ్‌సన్ చట్టం 8 గంటల పనిదినాన్ని ప్రమాణంగా నిర్ణయించిన తరువాత కూడా ఆ 100 మైళ్ల లెక్క కొనసాగింది. అయితే అక్కడ మైళ్లకు తోడుగా గడియారం కూడా ఉంది. 100 మైళ్లు పూర్తి కాకుండానే పనిగంటలు దాటిపోతే అదనపు కూలి వచ్చేది. లారీ రంగంలో ఆ గడియారం ఏమైందో చూద్దాం.

1935 మోటారు రవాణా చట్టం రాష్ట్రాల మధ్య సరుకు రవాణాను అంతర్రాష్ట్ర వాణిజ్య కమిషన్ కిందికి తెచ్చింది. ఎవరు బండ్లు తిప్పాలో, ఏ రేటు వసూలు చేయాలో, డ్రైవరు ఎన్ని గంటలు నడపవచ్చో కమిషనే చెప్పేది. 1938లో దేశమంతటికీ కనీస వేతనం, అదనపు గంటలకు ఒకటిన్నర రెట్ల కూలి నిర్ణయిస్తూ శ్రామిక ప్రమాణాల చట్టం వచ్చింది. డ్రైవర్ల పనిగంటల నియంత్రణ కమిషన్ చేతిలో ఉందన్న కారణంతో వారిని అదనపు కూలి నిబంధన నుంచి మినహాయించారు. నా దృష్టిలో ఈ పాఠంలో ముఖ్యమైన వాక్యం ఇదే. కమిషన్ గంటలకు పరిమితి పెట్టగలదు గానీ ఆ గంటలకు డబ్బు ఇప్పించలేదు. పోల్చి చూసుకోవడానికి, 2025 వరకు అమల్లో ఉన్న మన 1961 మోటారు రవాణా కార్మికుల చట్టాన్ని తీసుకోవచ్చు. అది రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు పని అని చెప్పి, అంతకు మించితే రెట్టింపు వేతనం ఇవ్వాలంది. మన హైవేల మీద అది ఎంతవరకు అమలైందో మీ ఊరి లారీ డ్రైవర్లను అడిగితే పుస్తకం కన్నా బాగా తెలుస్తుంది.

చట్టం వదిలేసిన చోటును కొంతకాలం యూనియన్ పూడ్చింది. 1934 మినియాపొలిస్ సమ్మెలో ముందుకు వచ్చిన ఫారెల్ డాబ్స్, ఊరూరా విడివిడిగా కాకుండా అనేక రాష్ట్రాల దూరప్రయాణ డ్రైవర్లందరికీ కలిపి ఒకే ఒప్పందం సాధించే పద్ధతిని రూపొందించాడు. అదే బాటలో నడిచిన జిమ్మీ హోఫా 1964లో నాలుగు లక్షలకు పైగా కార్మికులకు వర్తించే జాతీయ సరుకు రవాణా ఒప్పందం కుదిర్చాడు. హోఫా జీవితంలో నేర చరిత్ర కూడా ఉంది, దాన్ని దాచనక్కరలేదు. కానీ ఈ ఒప్పందాల్లో మైలు రేటుతోపాటు ఎదురుచూసిన సమయానికి, సరుకు ఎక్కించి దించే సమయానికి గంటల కూలి కూడా ఉండేది.

1980 జులై 1న అధ్యక్షుడు కార్టర్ సంతకంతో కొత్త మోటారు రవాణా చట్టం అమల్లోకి వచ్చింది. ప్రవేశ నియంత్రణలు సడలాయి. పదేళ్లలో రవాణా సంస్థల సంఖ్య రెట్టింపుకు మించింది. యూనియన్ లేని కొత్త సంస్థలు మైలు రేటు ఉంచుకొని గంటల కూలి వదిలేశాయి. సరుకు యజమానికి రవాణా చౌక అయింది, డ్రైవరు నిజవేతనం పడిపోయింది. ఆర్థికవేత్త మైకేల్ బెల్జర్ 2000లో వెలువరించిన ‘స్వెట్‌షాప్స్ ఆన్ వీల్స్’ ఈ పతనాన్ని వివరించిన గ్రంథం.

ఒక లెక్క వేద్దాం. మైలుకు 50 సెంట్లు అనుకోండి. 8 గంటల్లో 400 మైళ్లు నడిపితే 200 డాలర్లు, అంటే గంటకు 25. అదే రోజు గోదాము ముందు మరో 6 గంటలు పైసా రాకుండా నిలబడితే, అదే 200 డాలర్లు 14 గంటలకు పంచాలి. అప్పుడు గంటకు 14 డాలర్ల పైన కొద్దిగా మాత్రమే పడుతుంది. పోయిన గంటలను వేగంతో రాబట్టుకోవాలన్న ఒత్తిడి ఇక్కడే పుడుతుంది. ఇంకో సంగతి, ‘మైలు’ అన్నది కూడా అందరికీ ఒకటి కాదు. చాలా సంస్థలు బండి మీటరు చూపిన దూరానికి కాక, గృహసామగ్రి రవాణాదారుల కోసం తయారైన దూరాల పట్టికలోని హ్రస్వ మార్గానికి డబ్బు ఇచ్చేవి. పట్టికకు, మీటరుకు మధ్య తేడా డ్రైవరుదే.

ఇక శిక్షణ. 1986కు ముందు చాలా రాష్ట్రాల్లో కారు లైసెన్సుతోనే భారీ లారీ నడపవచ్చు. కొందరు రెండు మూడు రాష్ట్రాల లైసెన్సులు పెట్టుకొని జరిమానాలను వాటి మధ్య పంచుకునేవారు. 1986 వాణిజ్య వాహనాల భద్రతా చట్టం దీన్ని ఆపింది, 1992 ఏప్రిల్ 1 నుంచి ప్రత్యేక లైసెన్సు తప్పనిసరి అయింది. దీన్ని శిక్షణ చట్టమని రాసే విద్యార్థులు ఎక్కువ. అది శిక్షణ చట్టం కాదు, పరీక్ష చట్టం. ఎక్కడ, ఎన్నాళ్లు నేర్చుకున్నావని అది అడగలేదు.

ఆ ఖాళీలోకి కంపెనీ బడులు వచ్చాయి. ఫీజు కంపెనీయే భరిస్తుంది, బదులుగా అభ్యర్థి సాధారణంగా ఏడాదిపాటు అక్కడే పనిచేస్తానని ఒప్పుకోవాలి, మధ్యలో మానేస్తే ఫీజు బాకీ పడుతుంది. లైసెన్సు వచ్చాక శిక్షకుడితో కలిసి ఒకే బండిలో కొన్ని వారాలు. ఒకరు నిద్రపోతుంటే మరొకరు నడుపుతారు. చాలాచోట్ల ఆ బండి తిరిగిన మైళ్లన్నిటికీ శిక్షకుడికి లెక్క కడతారు కాబట్టి, పక్కన మేలుకొని కూర్చుని నేర్పడం కన్నా బండి ఆగకుండా తిరగడమే అతనికి లాభం. నేర్చుకునేవాడికి తక్కువ కూలి. సమాజశాస్త్రజ్ఞుడు స్టీవ్ విసెల్లి స్వయంగా ఇలాంటి శిక్షణ పొంది, లారీ నడిపి ‘ద బిగ్ రిగ్’ (2016) రాశాడు.

కొత్త డ్రైవర్లకు శిక్షణ తప్పనిసరి చేసే సమాఖ్య నిబంధన చివరకు 2022 ఫిబ్రవరి 7న అమలైంది. అందులో పాఠ్యాంశాలున్నాయి, గుర్తింపు పొందిన సంస్థల జాబితా ఉంది, కనీసం ఇన్ని గంటలు నడపాలన్న షరతు మాత్రం లేదు. అదే సంవత్సరం, 1938 నాటి అదనపు కూలి మినహాయింపును తొలగించే బిల్లు అమెరికా కాంగ్రెసు ముందుకు వచ్చింది. ఆ కాంగ్రెసు కాలం ముగిసేలోగా అది చట్టం కాలేదు.