అచ్చుకెక్కని పసుపు

తెలుగు చరిత్రలో నడిగూడెం పేరు ఎక్కువగా కనిపించేది పుస్తకాల వల్లనే. ఇప్పుడు సూర్యాపేట జిల్లాలో ఉన్న ఈ ఊరు ఒకప్పుడు మునగాల జమీందారుల నివాసం. చుట్టూ నిజాం రాజ్యం, మధ్యలో బ్రిటిష్ వారి కృష్ణా జిల్లాలో లెక్కకు వచ్చే ఈ చిన్న పరగణా. ఇక్కడి రాజా నాయని వెంకట రంగారావు దగ్గర కొమర్రాజు వెంకట లక్ష్మణరావు దివానుగా పనిచేశారు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం, 1906లో విజ్ఞాన చంద్రికా మండలి ఏర్పడటం వెనుక వీళ్ల పూనిక ఉంది. చరిత్ర, జీవశాస్త్రం, రసాయనశాస్త్రం తెలుగులో అచ్చయి చదువుకున్నవాళ్ల ఇళ్లలోకి వచ్చాయి.

ఆ పుస్తకాల గురించి చాలామంది రాశారు. నా ప్రశ్న వేరు. అదే కాలంలో ఆ కోట లోపలా, కోట బయటి వాడల్లోనూ దెబ్బలకు పసుపు అద్దుతూ, పుండ్లకు తేనె రాస్తూ, అమ్మవారు పోసిన పిల్లల పక్కన వేపమండలు పరుస్తూ, బాలింతలకు నలుగు పెట్టి నీళ్లు పోస్తూ ఉన్న ఆడవాళ్లు ఉన్నారు కదా. వాళ్లకు తెలిసినదాన్ని విజ్ఞానం అని ఎవరైనా అన్నారా? అనకపోతే పోయిందేమిటి?

పోయిందేమిటో 1995లో బయటపడింది. ఆ ఏడాది మార్చిలో అమెరికా పేటెంటు కార్యాలయం, గాయం మానడానికి పసుపు వాడే పద్ధతి మీద మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్యకేంద్రం పరిశోధకులకు హక్కు ఇచ్చింది. మన శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధనా మండలి 1996లో దాన్ని సవాలు చేసింది. ముప్ఫైకి పైగా ఆధారాలు చూపించింది. సంస్కృత గ్రంథాలు, ఉర్దూ పుస్తకాలు, 1953లో భారతీయ వైద్య సంఘం పత్రికలో వచ్చిన వ్యాసం వాటిలో ఉన్నాయి. 1997లో ఆ కార్యాలయం పేటెంటు చెల్లదని తేల్చింది.

గెలిచామని సంతోషించాం. కానీ ఎట్లా గెలిచామో కూడా చూడాలి. అప్పటి అమెరికా చట్టం ప్రకారం, ఒక సంగతి అమెరికాలో వాడుకలో ఉంటే అది తెలిసిన సంగతే. అమెరికా బయట కోట్లమంది రోజూ వాడుతున్నా లెక్కలోకి రాదు. బయటిదేశాల సంగతైతే అచ్చయి ఉండాలి, లేదా అక్కడ పేటెంటు అయినా అయి ఉండాలి. 2011లో చేసిన చట్టం 2013లో అమలుకు వచ్చేదాకా ఇదే పద్ధతి. అంటే నడిగూడెంలో ఒక తల్లి పిల్లవాడి మోకాలికి పసుపు అద్దడం సాక్ష్యం కాదు. ఒక డాక్టరు ఆ సంగతి పత్రికలో రాస్తే సాక్ష్యం. పేటెంటు తీసుకున్నవాళ్లూ, దాన్ని కొట్టేయించినవాళ్లూ ఒకే కొలబద్దతో కొలవాల్సి వచ్చింది. ఆ కొలబద్దలో ఆమె లేదు.

వేప కథ కొంచెం నయం. వేపనూనెతో బూజు తెగుళ్లను అరికట్టే పద్ధతి మీద అమెరికా వ్యవసాయ శాఖకూ, డబ్ల్యూ.ఆర్. గ్రేస్ కంపెనీకీ యూరపు పేటెంటు కార్యాలయం 1994లో హక్కు ఇచ్చింది. దాన్ని ఎదిరించి నిలబడింది ముగ్గురు స్త్రీలు: వందనా శివ, యూరపు పార్లమెంటులో గ్రీన్ సభ్యురాలు మగ్దా ఆల్వూట్, సేంద్రియ వ్యవసాయ ఉద్యమం నుంచి లిండా బులార్డ్. 2000లో పేటెంటు రద్దయింది, అప్పీలు కూడా 2005 మార్చి 8న కొట్టేశారు. మహిళా దినం నాడే. యూరపులో వాడుక కూడా సాక్ష్యమే. అయినా అక్కడ బరువుగా నిలిచిన సాక్ష్యం ఒక కంపెనీ మేనేజరు పొలాల్లో చేయించిన ప్రయోగాలది.

ఇంతకీ ఆ ఆడవాళ్లకు తెలిసింది నిజమేనా? చాలావరకు నిజమే. పసుపుకు రంగునిచ్చే కర్క్యుమిన్ నిర్మాణాన్ని 1910లో తేల్చిన ముగ్గురిలో మొదటి పేరు మిలొబెండ్‌జ్కా అనే పోలెండు స్త్రీది. అది కొన్ని సూక్ష్మజీవులను అడ్డుకుంటుందని 1949లో నేచర్ పత్రికలో వచ్చింది. తేనెలో నీరు ఐదో వంతుకు మించదు, చక్కెర ఎక్కువ. అందుకని సూక్ష్మజీవుల ఒంట్లో నీటిని అది లాగేస్తుంది. పైగా తేనెటీగ కలిపే ఒక ఎంజైము వల్ల, పుండు తడి తగిలినప్పుడు కొద్దికొద్దిగా హైడ్రోజన్ పెరాక్సైడ్ పుడుతుంది. ఆస్పత్రిలో పుండు కడిగే మందు కూడా అదే. ఈ సంగతి తేలింది 1963లో. న్యూజిలాండు మనుకా తేనెలోని మిథైల్‌గ్లయాక్సాల్ సంగతి 2008లో తేలింది. ఈనాడు శుద్ధిచేసిన తేనె పూసిన పట్టీలు ఆస్పత్రుల్లో వాడుతున్నారు.

అట్లాగని పాతదంతా నెత్తిన పెట్టుకోమని నేననను. పుట్టిన బిడ్డకు తేనె నాకించడం మనకు అలవాటు. ఏడాది లోపు పిల్లలకు తేనె పనికిరాదు, అందులో ఉండగల బాట్యులిజం బీజాలు ప్రాణం మీదికి తెస్తాయి. బొడ్డుకు కనపడ్డదల్లా రాయడం వల్ల ధనుర్వాతంతో పోయిన పిల్లలున్నారు. కర్క్యుమిన్ గురించి మార్కెట్లో చెప్పేవాటిలో రుజువు లేనివే ఎక్కువ. పొడి మెరవడానికి సీసం క్రోమేటు కలిపిన పసుపు మందు కాదు, విషం.

పసుపును మందుగా మాత్రమే చూస్తే ఇంకో సంగతి మరుగున పడుతుంది. మా అమ్మమ్మకు ముప్పై నిండకముందే భర్త పోయాడు. ఇంటిల్లిపాదికీ పసుపుకొమ్ములు దంచి, జల్లించి, డబ్బాలకెత్తేది ఆమే. ఎవరికి దెబ్బ తగిలినా అద్దేది ఆమే. తన మొహానికి మాత్రం రాసుకోకూడదు. కాళ్లు పగిలితే వట్టి ఆముదం రాసుకునేది. మందుకు ముత్తయిదువ, విధవ తేడా తెలియదు. మనుషులు పసుపును భర్త బతికున్నాడన్న గుర్తుగా మార్చి, ఆ గుర్తు పోయిన ఆడదాని ఒంటి మీది నుంచి మందును కూడా తుడిచేశారు. ఏ పేటెంటూ ఇంతటి నిషేధం పెట్టలేదు. దీన్ని సవాలు చేయడానికి ఏ మండలీ ముందుకు రాలేదు.

మళ్లీ కొమర్రాజు ఇంటికే వెళ్దాం. లక్ష్మణరావు అక్క భండారు అచ్చమాంబ 1901లో ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ అచ్చు వేసింది. స్త్రీల జీవితాలను వెతికి, పోగుచేసి, పేర్లతో సహా నమోదు చేసింది. 1905లో చనిపోయేనాటికి ఆమెకు ముప్పై దాటిందంతే. ఆ మరుసటి ఏడాది పుట్టిన లక్ష్మణరావు కూతురు, మేనత్త పేరే మోసిన కొమర్రాజు అచ్చమాంబ డాక్టరైంది, ప్రసూతి గురించి, శిశుపోషణ గురించి తెలుగులో రాసింది, 1957లో విజయవాడ నుంచి లోక్‌సభకు వెళ్లింది. ఒక అచ్చమాంబ స్త్రీల చరిత్ర రాసింది, ఇంకో అచ్చమాంబ స్త్రీల వైద్యం చేసింది. ఈ రెండూ కలిసే చోట ఉండాల్సిన పుస్తకం ఒకటుంది: చదువు రాని ఆడవాళ్ల వైద్యం చరిత్ర.

2001లో మొదలైన సంప్రదాయ విజ్ఞాన డిజిటల్ గ్రంథాలయం మంచి పనే. కానీ అది ప్రధానంగా సంస్కృతం, అరబ్బీ, పర్షియన్, ఉర్దూ, తమిళ గ్రంథాల నుంచి తీసినది. గ్రంథం రాసే హక్కు ఎవరికి ఉండిందో వాళ్ల విజ్ఞానమే మళ్లీ భద్రపడింది. వాడవాడలా పురుళ్లు పోసిన మంత్రసానులు ఎక్కువమంది కింది కులాల స్త్రీలు. పురిటినాడు వాళ్ల చేతులు కావాలి, పురుడు వెళ్లాక వాళ్లు అంటరానివాళ్లు. వాళ్లకేం తెలుసో రాసుకోవాలని ఎవరికి తోచింది?

రాయగలిగినవాళ్లం మనమున్నాం. మంత్రసానితనం చేసిన ముసలివాళ్లు కొందరింకా ఉన్నారు. వాళ్ల దగ్గర కూర్చుని ఏది ఎంత కలిపేవాళ్లో, ఎన్నాళ్లు కట్టు కట్టేవాళ్లో, ఎప్పుడు నయం కాలేదో, ఏ బిడ్డ దక్కలేదో అన్నీ అడగాలి. వాళ్లు ఒప్పుకుంటే పేరుతో, ఊరితో అచ్చు వేయాలి. ‘మన పూర్వీకుల విజ్ఞానం’ అన్న గంపగుత్త మాట కింద ఆ పేర్లను మళ్లీ కప్పెట్టొద్దు.