విల్లు కూడా ఆయుధమే: వేట లైసెన్సు నుంచి నిషేధం దాకా

వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 అనగానే వేట నిషేధమని రాసేస్తాం. నిజానికి మొదట్లో అందులో వేట లైసెన్సులూ ఉండేవి. ఆ పద్ధతి 1991 సవరణతోనే పోయింది. 2(35)లో 'ఆయుధం' నిర్వచనం చూడండి: తుపాకులతో పాటు విల్లంబులు, వలలు, ఉచ్చులు కూడా ఉన్నాయి. అంటే దుప్పిపై గురిపెట్టిన నల్లమల చెంచు విల్లూ, మందు దట్టించే నాటు తుపాకీ, షికారీ రైఫిలూ చట్టం దృష్టిలో ఒకే గాటన పడ్డాయి. (మెయిన్స్‌లో ఈ పాయింట్ వదలొద్దు.) ఫారం నింపి, ఫీజు కట్టి లైసెన్సు తెచ్చుకునే స్తోమత ఇందులో ఎవరికుందో వేరే చెప్పాలా? 65వ సెక్షన్ నికోబార్ గిరిజనుల వేట హక్కును కాపాడింది. అందులో చెంచుల ఊసు లేదు. 'చారిత్రక అన్యాయం' సరిదిద్దుతానన్న 2006 అటవీ హక్కుల చట్టం తేనె, వెదురుపై హక్కు ఇచ్చింది. సంప్రదాయ వేటను మాత్రం 3(1)(ఎల్)లో పేరుపెట్టి మినహాయించింది.