గద్దె మీద కోపం, ఆమె మీద నింద

నర్సీపట్నానికి పడమరగా, మైదానం ముగిసి మన్యం మొదలయ్యే అంచున గోలుగొండ ఉంది. పంతొమ్మిదో శతాబ్దపు తొలి రోజుల్లో అది ఒక జమీందారీకి పేరు. గూడెం కొండలు దాని కిందే ఉండేవి. 1836లో కుంపిణీ ప్రభుత్వం అక్కడి అనంత భూపతిని తొలగించి, అదే వంశానికి చెందిన వితంతువు జమ్మదేవమ్మను గద్దెనెక్కించింది. ఆ ఏలుబడి ఎంతో కాలం సాగలేదు. కొండసర్దార్లు ఆమెను పట్టుకుని అడవిలోకి తీసుకుపోయి చంపేశారు. ప్రభుత్వం సైన్యాన్ని దింపి తిరుగుబాటును అణచింది. 1837లో శిస్తు బకాయిల కింద ఆ జమీందారీని వేలానికి పెట్టి, 100 రూపాయలకు తానే పాడుకుంది. ఒక పాలకుడి ఇంటి ఇల్లాలుగా వచ్చి, పాలకురాలై, ఆ పాలన వల్లే ప్రాణం పోగొట్టుకున్న స్త్రీ గురించి జిల్లా చరిత్రల్లో దొరికేది ఈ నాలుగు ముక్కలే.

ఆమె చావుకు ఆ చరిత్రలు చెప్పే కారణం ఒక్క వాక్యంలో ఇమిడిపోతుంది: తమను అడగకుండా ఒక స్త్రీని తమ మీద నిలిపారని సర్దార్లకు కోపం వచ్చింది. ఆ వాక్యంలో నిజానికి రెండు కారణాలున్నాయి. మొదటిది అడగకపోవడం, రెండోది స్త్రీ కావడం. చదివినవాళ్ల మనసులో రెండోదే నాటుకుంటుంది. కొండవాళ్లు ఆడదాని ఏలుబడిని సహించలేదన్న మాట దగ్గర కథ ఆగిపోతుంది. నేను చెప్పదలచుకున్నది దీనికి ఎదురు. తూర్పు కనుమల్లో పాలకుల ఇంటి స్త్రీల చుట్టూ రేగిన వివాదాలన్నిటికీ మూలం గద్దె ఎవరిది, దాన్ని ఇచ్చే హక్కు ఎవరిది అన్న తగాదాలోనే ఉంది. ఆ తగాదాను తేల్చలేని వాళ్లందరికీ, కొండ మీదివాళ్లకైనా కచేరీలో కూర్చున్నవాళ్లకైనా, స్త్రీ నడవడిని గురించి మాట్లాడడం సులువైన దారి అయింది.

ముందుగా ముఠా అంటే ఏమిటో గుర్తు చేసుకోవాలి. కొన్ని కొండపల్లెల కట్ట ఒక ముఠా. దాని పెద్ద ముఠాదారు. శిస్తు వసూలు, తగవులు తీర్చడం, అవసరమైతే మనుషుల్ని కూడగట్టడం అతని పని. పైన జమీందారో మన్సబ్‌దారో ఉన్నా, అతని మాట కొండెక్కాలంటే ముఠాదార్ల ఒప్పుదల కావాలి. గద్దె వంశపారంపర్యమే, అయినా ఆ వంశంలో ఎవరు కూర్చోవాలో తేలేది కొండ మీది పెద్దల సమ్మతితోనే. కుంపిణీవారు 1802లో విశాఖ జిల్లాలో శాశ్వత శిస్తు పద్ధతి పెట్టినప్పుడు ఈ ఒప్పుదలకు కాగితం మీద చోటు లేకుండా పోయింది. వాళ్ల లెక్కలో జమీందారు అంటే గడువుకు పేష్కషు, అంటే కప్పం, కట్టే ఆసామి. కట్టకపోతే తీసేయవచ్చు, ఇంకొకరిని పెట్టవచ్చు, చివరికి వేలం వేయవచ్చు. ఈ రెండు లెక్కలూ ఢీకొన్న చోట జమ్మదేవమ్మ నిలబడి ఉంది. ఆమెను కూర్చోబెట్టినవాళ్లు కొండ మీది పెద్దల్ని అడగలేదు, అడగాలన్న ఆలోచనే వాళ్లకు రాలేదు.

కోపం స్త్రీ మీద కాదు, అడగకపోవడం మీద అనడానికి రుజువు ఏమిటన్న ప్రశ్నకు ఆ కొండల్లోనే, దక్షిణాన, దాదాపు అదే సమయంలో జరిగిన సంగతి జవాబిస్తుంది. రంపను ఏలిన మన్సబ్‌దారు రాంభూపతి దేవు 1835లో చనిపోయాడు. 1813లో కుంపిణీతో ఒప్పందం చేసుకుని, శాంతిభద్రతలు కాపాడే షరతు మీద పేష్కషు లేకుండా గ్రామాలు పొందినవాడు ఆయనే. ఆయనకు ఒక కూతురు, వివాహేతర సంబంధం వల్ల పుట్టిన మాధవతి రాంభూపతి అనే కొడుకు ఉన్నారు. ముఠాదార్లు మొదట వారసత్వం ఇచ్చింది కూతురికి. కొడుకు కళ్లెదుట ఉండగానే కూతుర్ని ఎంచుకున్న పెద్దలు ఆడవాళ్ల ఏలుబడినే ఒప్పుకోరని అనడం ఎలా కుదురుతుంది? గోలుగొండకూ రంపకూ మధ్య ఉన్న తేడా ఒకటే. రంపలో నిర్ణయం ముఠాదార్లది, గోలుగొండలో కలెక్టరుది.

అయితే రంప కథ అక్కడితో అయిపోలేదు, నా వాదనకు అసలు పరీక్ష ఆ తర్వాతి భాగమే. ఆ కూతురు పెళ్లి చేసుకోకుండా ఉంటుందని ముఠాదార్లు ప్రకటించారు. రెండు మూడేళ్లు గడిచేసరికి ఆమె శీలం మీద అనుమానాలు రేగాయి. అక్కనూ తమ్ముణ్నీ కలిపి రాజ్యం నుంచి వెళ్లగొట్టారు. 1907లో అచ్చయిన గోదావరి జిల్లా గెజిటీర్ ఈ సంగతిని కొద్ది వాక్యాల్లో చెప్పి ముందుకు పోతుంది. తమ్ముడి పేరు చెబుతుంది. ఆమెను మాత్రం కూతురు అని ఊరుకుంటుంది. ఇది చదివినవాళ్లు చూశారా, చివరికి కారణం ఆడదాని నడవడే కదా అనవచ్చు. ఆ అభ్యంతరం బలమైనదే. కానీ అదే వాక్యంలో ఉన్న ఇంకో వివరాన్ని దాని పక్కనే ఉంచి చూడండి. నేరం ఆమె శీలానిదే అయితే తమ్ముణ్ని ఎందుకు వెళ్లగొట్టారు? అతని శీలాన్ని ఎవరూ శంకించలేదు. ఇద్దరూ పోయాక పై గద్దె ఖాళీ అయింది, ముఠాలు ముఠాదార్ల చేతుల్లో స్వేచ్ఛగా మిగిలాయి. దాదాపు పదేళ్ల తర్వాత, 1848లో, కుంపిణీ మధ్యవర్తిత్వంతో ఆ తమ్ముణ్నే మన్సబ్‌దారుగా తిరిగి ఒప్పుకున్నారు. కలిసి వెళ్లగొట్టబడిన ఇద్దరిలో గద్దె దక్కింది అతనికే. ఆమె మీద పడ్డ మాట మాత్రం అచ్చులో మిగిలి, ఈ రోజుకూ చదువుకోవడానికి దొరుకుతోంది.

పెళ్లి చేసుకోకూడదన్న షరతును కూడా ఈ వెలుగులోనే చూడాలి. ఆమెకు భర్త వస్తే అతను ఇంకో వంశంవాడు, ఇంకో కొండదొర బంధువు అవుతాడు. రంప గద్దె పెళ్లి దారిలో బయటి ఇంటికి జారిపోకూడదన్న భయమే ఆ షరతుకు కారణమై ఉంటుందని నా ఊహ. దీన్ని కొండజాతుల ఆచారం అనడానికి వీల్లేదు. అరకు, పాడేరు, చింతపల్లి కొండల్లోని కొండదొరలు, పోర్జలు, గదబల్లో మగవాడి వైపు నుంచి పిల్ల ఇంటికి ఓలి చెల్లించడం, భర్తను వదిలిన స్త్రీకీ భర్త పోయిన స్త్రీకీ మారుమనువు దొరకడం పూర్వం నుంచీ మామూలు సంగతులు. కొండపల్లెలోని సాధారణ స్త్రీకి ఉన్న ఈ వెసులుబాటు కోటలోని స్త్రీకి లేదు. శీలం పేరుతో వచ్చిన కట్టుబాటు గద్దెతో పాటు పై నుంచి వచ్చింది. ఏలేవారి ఇంటి ఆడవాళ్లకు మైదానపు రాచకుటుంబాల నియమాల్ని తగిలించి, వాటినే కొలతగా చేసి, ఆ కొలతతోనే వాళ్లను దించేశారు.

గద్దె మీద స్త్రీ లేనప్పుడు ఏం జరిగిందో చూస్తే సంగతి ఇంకా తేటపడుతుంది. జమ్మదేవమ్మ పోయిన తర్వాత గోలుగొండలో ఏ రాణీ లేదు. అయినా 1845 నుంచి 1848 దాకా చిన్న భూపతిని గద్దెనెక్కించాలని సర్దార్లు ఫితూరి చేశారు. 1857-58లో సన్యాసి భూపతి పేరిట మళ్లీ లేచారు. రంపలో 1848లో తామే ఒప్పుకున్న మగ మన్సబ్‌దారు మీద 1879లో మన్యమంతా తిరగబడింది. అతను కల్లు మీద చిగురుపన్ను వేయడం, పోలీసుల దౌర్జన్యం, మైదానపు సావుకార్ల అప్పులు అందుకు కారణాలని ప్రభుత్వమే రాసుకుంది. ఆ ఫితూరిలో ఎవరూ మాధవతి రాంభూపతి పెళ్లి గురించి గానీ నడవడి గురించి గానీ మాట్లాడలేదు. మగవాడు పాలకుడైతే కారణాలు పన్నులూ హక్కులూ అయ్యాయి. స్త్రీ పాలకురాలైతే కారణం ఆమె స్త్రీత్వమే అయింది. కొండల్లో కోపం ఒక్కటే, దాన్ని రాసిన తీరు మాత్రం రెండు రకాలు.

ఇక్కడ ఇంకో అభ్యంతరం రావచ్చు. కుంపిణీ ప్రభుత్వమే కదా ఒక వితంతువుకు గద్దె ఇచ్చింది, ఆ రోజుల్లో అది ముందడుగు కాదా? కాదంటాను. ఆమెకు పదవి ఇచ్చినవాళ్లు ఆ పదవికి బలం ఇవ్వలేదు. కొండ మీది పెద్దలతో మాట్లాడలేదు, ఆమెకు కాపలా ఏర్పరచలేదు, ఆమె చనిపోయాక ఆ ఇంటికి గద్దె నిలబెట్టలేదు. వాళ్లకు కావలసింది పేష్కషు రసీదు మీద ఒక పేరు. 1839లో చేసిన 24వ చట్టంతో గంజాం, విశాఖ కొండప్రాంతాల్ని మామూలు చట్టాల నుంచి తప్పించి, కలెక్టర్లనే ఏజెంట్లుగా నియమించి ప్రత్యేకాధికారాలు ఇచ్చారు. కొండవాళ్లు ఆవేశపరులు, వాళ్లకు వేరే పాలన కావాలన్నది అందుకు చూపిన సమర్థన. ఒక స్త్రీ హత్య ఆ సమర్థనకు చక్కగా పనికొచ్చింది. అడగకుండా గద్దె మార్చిన కలెక్టరు తప్పు ఆ లెక్కలోకి రాలేదు. నేను సర్దార్లను వెనకేసుకు రావడం లేదు. అధికారులతో తగాదా ఉన్నవాళ్లు, వాళ్ల చేతిలో పావు అయిన స్త్రీని చంపడం క్రూరం, పిరికితనం. ఆ నేరానికి ఉన్న ఇద్దరు భాగస్వాముల్లో ఒకరి పేరే చరిత్రకెక్కింది అంటున్నాను, అంతే.

ఈ అలవాటు జమీందారీలతో పాటు అంతరించిందా? ముఠాదారీ విధానాన్ని 1969లో ఒక రెగ్యులేషన్‌తో రద్దు చేశారు. కానీ ఎన్టీ రామారావు ఇంట 1995లో జరిగింది గుర్తు చేసుకోండి. 1993లో ఆయన లక్ష్మీపార్వతిని పెళ్లాడారు. 1994 డిసెంబరు ఎన్నికల్లో తెలుగుదేశం 294 స్థానాల్లో 216 గెలిచింది. తొమ్మిది నెలలు తిరగకుండానే శాసనసభ్యుల్లో ఎక్కువమంది ఆయన అల్లుడు చంద్రబాబునాయుడి వెంట వెళ్లారు, సెప్టెంబరు 1న ఆయన ముఖ్యమంత్రి అయ్యారు. పార్టీలో, పాలనలో భార్య జోక్యమే కారణమని ఒక పక్షం చెప్పింది. రామారావు దాన్ని వెన్నుపోటు అన్నారు. ఎవరిది న్యాయమన్నది ఇక్కడ నా ప్రశ్న కాదు. ఒకే మనిషి చుట్టూ కట్టిన పార్టీలో ఆ మనిషి తర్వాత ఎవరన్నది తేల్చే పద్ధతి ఏమీ లేదన్నది అసలు సమస్య. రెండు పక్షాల వాదాల్లోనూ అది పక్కకు పోయి, చర్చంతా ఒక పెళ్లి చుట్టూ తిరిగింది. 1996 జనవరి 18న రామారావు కన్నుమూశారు. అదే ఏడు, తూర్పు కనుమల పాదాన ఒడిశా సరిహద్దులో ఉన్న పాతపట్నం ఓటర్లు ఉపఎన్నికలో లక్ష్మీపార్వతిని శాసనసభకు పంపారు. అడిగితే జనం తమ సమ్మతి చెప్పగలరని అది చూపింది. ఒప్పుకోవడమూ ఒప్పుకోకపోవడమూ వాళ్ల హక్కు, కానీ ఆ మాట అడిగి తెలుసుకోవలసింది.

రెండు కాలాలూ ఒకటి కావు, జమీందారీకీ ప్రజాస్వామ్యానికీ పోలికేమిటని కొందరు అనవచ్చు. నిజమే, ఓటు ఉన్న చోట హత్యలు అవసరం పడవు. కానీ నేను పోలుస్తున్నది పాలనల్ని కాదు, వివరణల్ని. వారసత్వానికి ఒప్పుకున్న నియమం లేని చోట తగాదా తప్పదు. ఆ తగాదాకు స్త్రీని కారణంగా చూపితే నియమం లేని లోటును ఎవరూ సరిదిద్దనక్కర్లేదు. గోలుగొండలో సరిదిద్దలేదు కాబట్టే మరో ఇరవై ఏళ్లు ఫితూరులు నడిచాయి. రంపలో సరిదిద్దలేదు కాబట్టే 1879 వచ్చింది.

ఈ రోజు అరకు నుంచి రంపచోడవరం దాకా కొండపంచాయతీల్లో సగం పదవులు స్త్రీలవి. షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీల కోసం వచ్చిన 1996 నాటి పెసా చట్టం గ్రామసభ ఒప్పుదలకు పెద్ద చోటిచ్చింది, పాత ముఠా కాలంలో కొద్దిమంది పెద్దలకే ఉన్న సమ్మతి హక్కును ఊరందరికీ పంచింది. ఆ సభలో ఒక గిరిజన సర్పంచి తీసుకున్న నిర్ణయం నచ్చకపోతే నిర్ణయాన్ని తప్పుపట్టండి, లెక్కలు అడగండి, ఓటుతో దించండి. ఆమె ఎవరి భార్య, ఎవరి కూతురు, ఎలా ఉంటోంది అన్న మాటల్ని కారణాలుగా తేకండి. చరిత్ర రాసేవాళ్లకూ ఇదే కొలత వర్తించాలి. జమ్మదేవమ్మ గురించి రాసేటప్పుడు ఆమె స్త్రీ కాబట్టి చంపారన్న వాక్యం దగ్గర ఆగకుండా, ఆమెను ఎవరు, ఎవరిని అడగకుండా, ఏ శిస్తు కోసం కూర్చోబెట్టారో రాయాలి. పాఠ్యపుస్తకాల్లో రంప ఫితూరి గురించి చెప్పేటప్పుడు 1879తో మొదలుపెట్టకుండా 1835తో మొదలుపెట్టాలి, ముఠాదార్లు మొదట ఎంచుకున్నది ఒక స్త్రీని అని పిల్లలకు తెలియాలి.