గుఱ్ఱపు వేటకాని తలకట్టు: సంప్రదాయము, రక్షణము

తలపై ధరించు వస్తువు రెండు పనులు చేయును. ధరించినవాని స్థితిని లోకమునకు దెలుపుట యొకటి. తలను గాపాడుట రెండవది. ఈ రెండు పనులను ఒకే వస్తువు చేయుచున్నంతకాలము చిక్కు లేదు. అవి విడిపోయినపుడు దేనిని గైకొనవలెనను ప్రశ్న పుట్టును. ఇంగ్లండులో గుఱ్ఱములపై నక్కలను వేటాడు సంఘములవారికి ఈ ప్రశ్న స్పష్టముగా ఎదురైనది: తాతముత్తాతలనాటి మఖమలు టోపీ రూపమును విడువక, తలను నిజముగా గాపాడు శిరస్త్రాణమును ఎట్లు ఎన్నుకొనవలెను? ఇది మనకు సంబంధింపని పరదేశవినోదమని తోచవచ్చును. కాని తెలుగుదేశపు శిల్పములను, విదేశయాత్రికుల వ్రాతలను, మన నిఘంటువులలోని మాటలను ఒకచోట జేర్చి చూచినచో, ఈ ప్రశ్న మనకును క్రొత్తది కాదని తెలియును. ఆ సామగ్రిని పరిశీలించి, దానినుండి నేటి ఎన్నికకు పనికివచ్చు సూత్రమేమో చూపుట ఈ వ్యాసమునందు మా ఉద్దేశము.

మొదట మాటలను విచారింతము. సంస్కృతమున తలపాగాకు ఉష్ణీషమని పేరు. ఉష్ణమును పోగొట్టునది యని పూర్వులు దానికి వ్యుత్పత్తి చెప్పిరి. శిరస్త్రాణమనగా తలను గాచునది. మొదటిది ఎండనుండి, రెండవది దెబ్బనుండి కాపాడును. రక్షణమను ఒక్క మాట క్రింద ఈ రెండును ఇముడునుగాని, ఇవి వేఱు వేఱు గుణములు. ఎండను ఆపున దెల్ల దెబ్బను ఆపజాలదు. ఉక్కుతో చేసిన శిరస్త్రాణమునకు తెలుగున బొమిడికమను పాతమాట కలదు. కుల్లాయి పారసీకమున టోపీకి గల కులాహ్ అను పదమునుండి వచ్చినది. రుమాలు పారసీకమున ముఖమును తుడుచుకొను గుడ్డ. తెలుగులో అది తలకెక్కి తలగుడ్డయైనది. ఇక టోపీ హిందూస్థానీ ద్వారమున వచ్చి, మన జాతీయములో మోసమునకు గుఱుతైనది. ఒకనికి టోపీ వేయుటయనగా వానిని వంచించుట. కాపాడునట్లు కనబడి కాపాడని తలకట్టును గూర్చి విచారించునపుడు ఈ జాతీయము మఱచిపోదగినది కాదు.

ఇక వేటను జూతము. నాయుడుపేట స్వర్ణముఖీ తీరమున నున్నది. 2022 వఱకు నెల్లూరు జిల్లాలోనుండి, ఆ యేట తిరుపతి జిల్లాలో జేరినది. స్వర్ణముఖి చంద్రగిరి ప్రాంతమున బుట్టి, తిరుచానూరు, శ్రీకాళహస్తులను దాటి, నాయుడుపేట మీదుగా బంగాళాఖాతమున గలియుచున్నది. ఈ యొక్క నది వెంట నడచినచో మన వేటలోని రెండు తెగలు కనబడును. శ్రీకాళహస్తి తిన్నడు శివుని గొలిచిన చోటు. ధూర్జటి శ్రీకాళహస్తి మాహాత్మ్యములో ఆ బోయవాని కథ కావ్యగౌరవము నందినది. తిన్నని వేట కాలినడకను సాగునది. చంద్రగిరి విజయనగర ప్రభువుల కోట. వారి వైభవము గుఱ్ఱములమీద నిలిచినది. కాలినడకను పోవు వేటకానికి ముండ్లు, కొమ్మలు, ఎండ శత్రువులు. వానికి తలగుడ్డ చాలును. పడినను తన యెత్తునుండియే పడును. గుఱ్ఱమెక్కినవాని తల నేలకు ఇంచుమించు ఎనిమిది అడుగుల ఎత్తున నుండును, వేగము తోడగును. వేటాడు పద్ధతి మాఱినంతనే తల ఎదుర్కొను అపాయమును మాఱును. తలకట్టు చరిత్రను వ్రాయువారు ఈ భేదమును మొదట గుర్తింపవలెను.

విజయనగర కాలమున ఈ అపాయమునకు ఏమి సమాధానము దొరకినది? తిరుమల ఆలయమున శ్రీకృష్ణదేవరాయల లోహవిగ్రహము, తిరుమలదేవి, చిన్నాదేవుల విగ్రహములతో గూడ, నేటికిని దర్శనమిచ్చుచున్నది. రాయల తలపై ఎత్తైన శంఖాకారపు కుల్లాయి కలదు. లేపాక్షి కుడ్యచిత్రములందును ఇట్టి కుల్లాయిలు ధరించిన పురుషులు గలరు. 1520 ప్రాంతమున విజయనగరమును జూచిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ రాయల తలపై జరీబట్టతో చేసిన టోపీ యున్నదనియు, అది గలీషియా శిరస్త్రాణమువలె నున్నదనియు వ్రాసెను. అతడే రాయల సేనను వర్ణించుచు, రౌతుల తలలపై మెడను గూడ కప్పు అంచులు గలిగి, ముఖమును గాపాడు భాగముతో గూడిన శిరస్త్రాణములు గలవని చెప్పెను.

ఈ రెండు వాక్యములను ప్రక్కప్రక్కన నుంచి చదువవలెను. ఒకే పరిశీలకుడు, ఒకే కాలమున, ఒకే నగరమున రెండు తలకట్టులను జూచెను. రాజు తలపైనున్నది ఆకారమున శిరస్త్రాణము, పదార్థమున పట్టుబట్ట. రౌతు తలపైనున్నది రెండు విధములను శిరస్త్రాణమే. దీనినిబట్టి మేము ఒక సూత్రమును ప్రతిపాదించుచున్నాము: ఆకారమును జూచి రక్షణమును ఊహింపరాదు. గౌరవము ఆకారమునందు వసించును. రక్షణము పదార్థమునందును, దాని మందమునందును వసించును. శిల్పమునందు ఎత్తైన తలకట్టు కనబడినంతనే కవచధారియని నిర్ణయించు పరిశోధకుడును, టోపీ గట్టిగా కనబడినంతనే కొనితెచ్చుకొను రౌతును ఒకే పొరపాటు చేయుచున్నారు. ఈ సూత్రమునకు రెండవ ముఖమొకటి కలదు. గౌరవమును రక్షణమును వేఱు వేఱు పొరలలో నుండునేని, ఒకదానికొఱకు రెండవదానిని విడువనక్కఱలేదు. ఉక్కు టోపీమీద పాగా చుట్టుకొనిన యోధులు హిందూదేశమున అనేకచోట్ల నుండిరి. పైపొర కులమును, పదవిని దెలిపినది. లోపొర ప్రాణమును నిలిపినది.

ఇంగ్లండు వేటగాండ్ర చరిత్రను ఈ సూత్రముతో చదివినచో తేటపడును. అచ్చటి నక్కవేటలో అపాయము నక్కనుండి రాదు. కుక్కలమంద వెంట గుఱ్ఱమును దౌడుతీయించుచు, కంచెలను, కందకములను దుమికించుటయందే అపాయమున్నది. పందొమ్మిదవ శతాబ్దిలో పెద్దమనుష్యులు ఎత్తైన పట్టుటోపీని ధరించిరి. నల్ల మఖమలు కప్పిన గుండ్రని టోపీ వేటపెద్దకును, కుక్కలను నడుపు పరివారమునకును గుఱుతుగా నుండెను. ఆ టోపీ వెనుకనున్న పట్టెకొసలు క్రిందికి వ్రేలాడినచో వేట పరివారమనియు, పైకి మడచి కుట్టినచో ఇతరులనియు తెలిసికొనుట ఆచారము. మఱియొక టోపీ మాత్రము రక్షణముకొఱకే పుట్టినది. 1849లో ఎడ్వర్డు కోక్ అను ప్రభువంశీయుడు తన అడవికాపరుల తలలను వాలిన కొమ్మలనుండి కాపాడుటకు గట్టి టోపీ కావలెనని లండనులోని లాక్ అంగడివారిని కోరెను. థామస్, విలియం బౌలరు అను టోపీపనివారు దానిని చేసియిచ్చిరి. కోక్ దానిని నేలనుంచి త్రొక్కి, అణగకుండుట జూచి కొనెనని ప్రసిద్ధి. సేవకుల తలలను గాచుటకు బుట్టిన ఆ బౌలరు టోపీయే తరువాత నగరములలో గుమాస్తాలకును, దొరలకును మర్యాదచిహ్నమైనది. నేటి సంప్రదాయము నిన్నటి రక్షణోపాయమని దీనివలన దెలియుచున్నది.

ఇట్టి టోపీలకు గట్టిదనము నిచ్చినది లక్క. ఉన్నినిగాని గుడ్డపొరలనుగాని లక్కతో బిగించి ఆఱబెట్టినచో పెంకువలె నగును. ఆ లక్క మన దేశపు ఎగుమతి సరకు. ఇటువైపు మన దేశమునందలి దొరలు ధరించినది జీలుగుబెండు టోపీ. నీటిలో పెరుగు జీలుగు జాతి మొక్క కాండములోని తెల్లని బెండునకు హిందూస్థానీలో శోలా యని పేరు; దానినుండి సోలా టోపీ యను వాడుక వచ్చినది. సూర్యునకు సంబంధించిన ఆంగ్లపదముతో దానికి పోలికయేగాని చుట్టఱికము లేదు. నాయుడుపేట అప్పుడు మదరాసు రాజధానిలోని భాగము. ఆ రాజధానిలోని నీలగిరులందు, ఉదకమండలమున, ఆంగ్లసైనికాధికారులు పందొమ్మిదవ శతాబ్దినుండి తమ దేశపు వేటను నెలకొల్పి, వేటకుక్కలతో స్వారి చేసిరి. వారి దేశపు ఎఱ్ఱనక్క దక్షిణాపథమున లేదు గనుక మన ఊళ్లవెంట రాత్రులు ఊళలిడు నక్కయే వారికి లక్ష్యమైనది. జంతువు మాఱినను ఎఱ్ఱకోటు, కొమ్ముబూర, నల్లటోపీల ఆచారము మాఱలేదు.

బెండుటోపీ గుణములను ఇచ్చట కొంచెము విచారింపవలెను. అది ఉష్ణీషముయొక్క పనిని చక్కగా చేసినది: తేలిక, చల్లదనము, నీడ. దెబ్బ తగిలినపుడు బెండు నొక్కుకొనిపోవును. నొక్కుకొనిపోవుట దోషమని తోచునుగాని, శరీరశాస్త్రదృష్టితో అదియే గుణము. అయినను టోపీగోడ పలుచన. పడునపుడు తలపై నిలుపు గట్టి కట్టు లేదు. పదార్థము సరియైనదే, మందమును కట్టును చాలవు. దీనికి విపరీతముగా లక్కటోపీ గట్టిగా నిలుచునుగాని తాకిడిని లోనికే పంపును.

ఈ విషయమును వైద్యులు గట్టిగా చెప్పినది ఇరువదవ శతాబ్దిలో. 1935 మేలో టి. ఇ. లారెన్సు మోటారుసైకిలునుండి పడి, తలగాయముతో మరణించెను. అతనికి చికిత్స చేసినవారిలో నొకడైన హ్యూ కెయిర్న్స్ అను శస్త్రవైద్యుడు మోటారుసైకిలు నడుపువారి తలగాయములను పరిశీలించి, శిరస్త్రాణముయొక్క అవసరమును 1941లో బ్రిటిషు వైద్యపత్రికలో వివరించెను. 1953లో అమెరికాలో రోత్, లంబార్డు అనువారు తాకిడిని మ్రింగు లోపొర గల శిరస్త్రాణమునకు పేటెంటు పొందిరి. లోపొరయొక్క పని లెక్కవలన సులభముగా తెలియును. 1.8 మీటర్ల ఎత్తునుండి పడిన తల నేలను దాకునప్పటికి గంటకు సుమారు 21 కిలోమీటర్ల వేగముతో నుండును. ఆ తల 2 మిల్లీమీటర్లలో ఆగినచో దానిపై బడు ఒత్తిడి గురుత్వమునకు సగటున 900 రెట్లు. 20 మిల్లీమీటర్లలో ఆగినచో 90 రెట్లు మాత్రమే. తలను గాచునది పెంకు కాఠిన్యమొక్కటే కాదు; ఆగుటకు దొరకిన దూరము. బెండువలె నొక్కుకొనిపోవు పాలిస్టైరీను నురుగు ఆ దూరమును ఇచ్చుచున్నది. ఎ.ఎస్.టి.ఎం. ఎఫ్ 1163 అను అమెరికా ప్రమాణము ఈ 1.8 మీటర్ల ఎత్తునుండియే చదునైన ఇనుముపై శిరస్త్రాణమును పడవైచి, లోపలి ఒత్తిడి 300 రెట్లకు మించరాదని నియమించినది.

ఇక ఎన్నికకు వత్తము. సంప్రదాయమును విడువనొల్లని రౌతు మఖమలు కప్పిన టోపీని నిరభ్యంతరముగా కోరవచ్చును. నల్లని వర్ణమును, గుండ్రని రూపమును, వెనుక పట్టెలను నిలుపుకొనవచ్చును. అవి పైపొరకు జెందినవి. లోపొరయందు మాత్రము రాజీ తగదు. ప్రమాణమునకు లోబడి పరీక్షింపబడినదను గుఱుతు లోపల నుండవలెను. ముందరి చూరు పడినపుడు వంగుటయో విడిపోవుటయో జరుగవలెను. బిగువుగా నున్నచో అది నుదుటిని గాయపఱచును. గడ్డము క్రింది పట్టెలు టోపీని కదలనీయరాదు. కొలత ఆ తలకే సరిపోవలెను. తండ్రి తలకు కుదిరినది కొడుకు తలకు కుదురునను నమ్మకము లేదు. ఒకమాఱు గట్టి దెబ్బ తిన్న శిరస్త్రాణము పైకి చెక్కుచెదరకున్నను దానిని మఱల ధరింపరాదు. లోని నురుగు ఒకసారి అణగినచో మఱల లేవదు. ఈ కారణముననే వంశపారంపర్యముగా వచ్చిన పాతటోపీ, ఎంత గౌరవనీయమైనను, గోడకు తగిలింపదగినదే గాని తలకు తగినది కాదు. పరీక్షలేని మఖమలు టోపీ మన జాతీయార్థమున నిజముగా టోపీయే.

వేటయే నిలిచిపోయిన కాలమున ఈ విచారమెందుకని కొందఱు అడుగవచ్చును. కుక్కలతో నక్కను వేటాడుటను నిషేధించిన చట్టము ఇంగ్లండు, వేల్సులలో 2004లో పుట్టి 2005 ఫిబ్రవరినుండి అమలునకు వచ్చినది. మన దేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము నక్కను గుంటనక్కను గూడ కాచుచున్నది. ఇది ధర్మమని మేము తలంతుము. ఇంగ్లండు సంఘములు అనేకము అటుపిమ్మట ముందుగా పఱచిన వాసనజాడ వెంట స్వారి చేయసాగినవి. అనగా నక్క తొలగినను గుఱ్ఱమును కంచెయు పతనభయమును తొలగలేదు. వేటలో వినోదార్థమైన హింసను విడిచి, వేషమును నిలుపుకొనుటకు సమాజము నేర్చినచో, వేషములోని అపాయమును విడిచి అందమును నిలుపుకొనుట అంతకంటె కష్టము కాదు.

నాయుడుపేటలో నేడు దౌడుతీయు గుఱ్ఱములు లేవు. చెన్నై, కలకత్తాలను గలుపు రాజమార్గము ఆ ఊరి మీదుగా బోవుచున్నది. దానిపై ద్విచక్రవాహనములు నిత్యము తిరుగుచున్నవి. 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 129వ విభాగము వానిని నడుపువారికి శిరస్త్రాణమును విధించి, తలపాగా ధరించిన సిక్కులకు మినహాయింపు నిచ్చినది. సంప్రదాయమునకును రక్షణమునకును గల ఈ వివాదము చట్టపుస్తకమువఱకు పోయినదని దీనివలన దెలియును. తలపాగా తీసి హెల్మెట్టు పెట్టుకొనుట చిన్నతనమని భావించు పెద్దలు మన పల్లెలలో గలరు. వారికి చరిత్ర చెప్పదగిన మాట యొకటి కలదు: రాయల రౌతు ముఖమును మెడను గప్పు శిరస్త్రాణమును ధరించి రాజు ఎదుట నిలిచెను; దానివలన అతని మర్యాదకు లోపము రాలేదు. జరీ కుల్లాయి కొలువుకూటమునకు, బొమిడికము గుఱ్ఱమునకు. ఏ తలకట్టు ఏ చోటికి తగునో తెలిసికొనుటయే మన పూర్వుల సంప్రదాయమని మా నిశ్చయము.