క్లారినెట్టు పుట్టుక: నాగసరముతో దాని చుట్టరికము

కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతముల పెండ్లి ఊరేగింపులలో బ్యాండు మేళమునకు పాట నందించు నల్లని గొట్టమును చూచినవారు దానిని దొరల సన్నాయిగా భావించుట సహజము. రెండును నిలువుగా పట్టి ఊదునవే. రెంటి చివరయు గంటవలె విచ్చుకొనియుండును. కాని ఆకారమును బట్టి వాద్యములకు చుట్టరికము కట్టరాదని మా అభిప్రాయము. క్లారినెట్టునకు మన పల్లెలలోని నిజమైన బంధువు సన్నాయి కాదు, పాములవారి నాగసరము. (దేవాలయములలోని నాదస్వరము వేరు, అది సన్నాయి కుటుంబములోనిదే.)

కారణము పీకలోను, గొట్టములోను ఉన్నది. సన్నాయి పీకలో రెండు రెల్లురేకులు ఒకదానితో నొకటి తాకుచు కంపించును. గొట్టము పైనుండి క్రిందికి క్రమముగా వెడల్పగును. నాగసరమున సొరకాయ బుర్రలో దాగిన గొట్టములకు ఒక్కొక్కదానికి ఒకే రేకు. గొట్టము మొదటినుండి తుదివరకు ఒకే కొలత. క్లారినెట్టు లక్షణములును ఇవియే. తుది గంటను చూచి మోసపోరాదు.

ఈ భేదము చిన్నది కాదు. సన్నాయిలో షడ్జము నూదుచు ఊపిరి బిగించినచో తారషడ్జము పలుకును. ఒకే కొలతగల గొట్టములో అట్లుగాక, కంపనము మూడింతలై ఏకముగా తారపంచమము పలుకును. నడుమనున్న స్వరముల నెట్లు పలికింపవలెను? నాగసరము ఆ చిక్కుజోలికే పోలేదు. దాని పాట క్రింది స్థాయిలోనే తిరుగును. ఐరోపాలోని షలుమో అను చిన్న వాద్యమును అంతే.

ఆ చిక్కును విప్పిన కీర్తి జర్మనీలోని నూరెంబర్గు నగరపు వాద్యనిర్మాత యోహాన్ క్రిస్టోఫ్ డెన్నరుకు (1655–1707) దక్కినది. 1730లో డొపెల్‌మాయరు తన గ్రంథమున ఇట్లే చెప్పెను. క్రింది షడ్జము నుండి ఎనిమిది రంధ్రములను ఒక్కొక్కటిగా విప్పుచు పోయినచో తారరిషభము వరకు వచ్చును. మిగిలినవి గాంధారమధ్యమములు, వాటికి రెండు మీటలు. ఆ రెంటిలో వెనుకనున్న మీటయే, విప్పగానే, వాద్యమును పైస్థాయికి ఎగురవేయును. మీట చేయు ఈ రెండు పనులలోనే క్లారినెట్టు పుట్టుక యున్నదని మేము తలంతుము. అప్పటికిని ప్రతిమధ్యమము సరిగా పలుకలేదు. గొట్టమును కొంత పొడిగించి మూడవ మీటను చేర్చిన పిమ్మటనే అది కుదిరినది. దూరమునుండి విన్నచో దీని నాదము బాకావలె నుండునని 1732లో వాల్టరు వ్రాసెను. ‘చిన్న క్లారినో’ యను పేరును బాకా నుండి వచ్చినదే.

తరువాతి కథ త్వరగా చెప్పవచ్చును. 1791లో మోజార్టు దీనికై గొప్ప కచేరీరచన చేసెను. 1812 ప్రాంతమున ఇవాన్ ముల్లరు పదుమూడు మీటల వాద్యమును పారిసు పండితుల ముందుంచగా వారు నిరాకరించిరి. వాదకులు మాత్రము స్వీకరించిరి. 1839లో క్లోజే, బ్యుఫే అనువారు నేటి పద్ధతికి రూపమిచ్చిరి.

దక్షిణదేశమున ఇది పందొమ్మిదవ శతాబ్దమున తంజావూరు నాట్యమేళములో ముఖవీణ స్థానమును పొందినది. తిరుచిరాపల్లికి చెందిన ఏ.కె.సి. నటరాజన్ దీనిని కచేరీవాద్యముగా నిలిపి, 2022లో పద్మశ్రీ పొందిరి. తెలంగాణమునకు వచ్చిన దారి వేరని మా ఊహ. 1806లో ఏర్పడిన సికింద్రాబాదు దండులోని పటాలపు బ్యాండ్లు ఒకవైపు, సికింద్రాబాదు నుండి కామారెడ్డి మీదుగా మన్మాడునకు పోవు రైలుమార్గము వేరొకవైపు నుండగా, పట్టణపు మేళము ఈ ప్రాంతమునకు వ్యాపించుట వింత కాదు.

వచ్చిన వాద్యము సన్నాయి పని చేయవలసివచ్చినది. సన్నాయివాదకుడు రంధ్రమును వ్రేలితో సగము మూసి, జార్చి గమకము తీయును. మీట సగము తెరచుకొనునది కాదు. కావున క్లారినెట్టున గమకమునకు చాలవరకు పెదవిని, ఊపిరిని ఆశ్రయింపవలెను. బ్యాండులో ఊదువానిని గమకము రాదని తక్కువచేయు విమర్శకులు ఈ సంగతిని గమనింపరు. అట్లే, మేళము వచ్చినది గనుక సన్నాయి అక్కర తీరెననుటయు సరికాదు. తెలంగాణమున తరతరములుగా నాయీబ్రాహ్మణ కళాకారులు కాపాడుకొనుచు వచ్చిన ఆ వ్రేలిపనికి ఈ నల్లగొట్టములో అంతగా చోటు లేదు.

2016లో ఏర్పడిన కామారెడ్డి జిల్లాలో వాద్యనామములను సేకరింపబూను పరిశోధకులు పేరుతోపాటు పీకలోని రేకుల నెంచి, గొట్టము రెండు కొనల కొలతలును వ్రాసికొనవలెను. ‘సన్నాయి’ యను ఒక్క మాట క్రింద రెండు వేర్వేరు జాతుల వాద్యములు నమోదగుటకు అవకాశమున్నది.