శరత్కాలంలో పాప్లర్ చెట్ల బాట

డచ్ చిత్రకారుడు విన్సెంట్ వాన్ గో (1853–1890) 1884 అక్టోబరు చివర్లో వేసిన తైలవర్ణ చిత్రమిది. ఎత్తు 99, వెడల్పు 65.7 సెంటీమీటర్లు. ఆమ్‌స్టర్‌డామ్‌లోని వాన్ గో మ్యూజియంలో ఉంది.

వాన్ గో 1883 డిసెంబరులో తల్లిదండ్రుల దగ్గరికి, నెదర్లాండ్స్ దక్షిణాన బ్రబాంట్ ప్రాంతంలోని న్యూనెన్ గ్రామానికి వచ్చాడు. తండ్రి అక్కడ పాస్టరు. ఆ పల్లెల్లో బాటల వెంట పాప్లర్ చెట్లు వరసగా పెంచేవారు. వాటి మెత్తని కలపతో రైతులు తొడుక్కునే చెక్క చెప్పులు చేసేవారు.

చిత్రంలో అలాంటి బాటే కనిపిస్తుంది. రెండు పక్కలా నిటారుగా లేచిన మానులు, పైన పసుపు తిరిగిన ఆకులు. రాలిన ఆకుల మీద అక్కడక్కడా ఎండ పడి మెరుస్తుంటే, ఆ మెరుపులను మానుల పొడవాటి నీడలు అడ్డంగా కోస్తుంటాయి. బాట చివర ఒక పల్లె ఇల్లు, ఆకుల సందుల్లోంచి నీలాకాశం. నల్లని దుస్తుల్లో ఒక స్త్రీ ఒంటరిగా నడిచి వస్తూ ఉంటుంది. ఆమె లేకపోతే ఆ చెట్ల ఎత్తు మనకు ఇంతగా తెలిసేది కాదు.

వాన్ గో అంతకుముందే అడవిని గీయడానికి గట్టిగా ప్రయత్నించాడు. 1882లో హేగ్ నగరంలో ఉండగా, ఎండిన బీచ్ ఆకులు పరచుకున్న నేలను చిత్రించాడు. నేల కోసం పూసిన రంగు అప్పటికే ఎంత మందంగా ఉందంటే, దాని మీద చెట్లు వేయబోతే కుంచె గీత అందులో కూరుకుపోయింది. దాంతో వేళ్లనూ మానులనూ ట్యూబు నుంచే నేరుగా పిండి, కుంచెతో కాస్త దిద్దాడు. చెట్లు నేలలో ఎంత బలంగా నాటుకున్నాయో చూపాలన్నది అతని తపన.

న్యూనెన్‌లో ఆ తపన రంగుల వైపు మళ్లింది. ఫ్రెంచి కళావిమర్శకుడు చార్లెస్ బ్లాంక్ పుస్తకాలు చదివి, ఒకదాన్నొకటి ఎగదోసే రంగుల జంటల గురించి 1884 వేసవిలో తమ్ముడు థియోకు రాశాడు. ఒక్కో రుతువుకూ ఒక్కో జంట: వసంతానికి లేతాకుపచ్చ, గులాబి, వేసవికి నీలం, నారింజ, శరత్తుకు పసుపు, ఊదా, చలికాలానికి మంచు తెలుపు, నలుపు. కొన్ని నెలలకే ఈ పాప్లర్ చెట్లు పసుపుబారాయి. న్యూనెన్ అనగానే గుర్తొచ్చేది అతను 1885లో వేసిన ‘బంగాళదుంపలు తినేవాళ్లు’ చిత్రం, అందులోని మట్టిరంగు చీకటి. ఈ బాట చూస్తే ఆ కాలమంతా చీకటే కాదని తెలుస్తుంది. అయితే ఇక్కడ పసుపు ఇంకా గోధుమ రంగు చాటునే ఉంది. మానులు నిజంగా ఊదారంగుకు తిరగలేదు.

1885 నవంబరులో అతను ఆంట్‌వెర్ప్ వెళ్లిపోయాడు, మళ్లీ నెదర్లాండ్స్‌లో కాపురం పెట్టలేదు. 1888 శరత్కాలంలో ఫ్రాన్స్‌లోని ఆర్ల్‌లో, అలిస్కాంప్ అనే పాత రోమన్ శ్మశానవాటికలో పాప్లర్ బాటలే మళ్లీ వేశాడు. ఈసారి నేల నిండా నారింజ, పసుపు ఆకులు పరిచి, మానులకు ఊదారంగు పూశాడు.